నిద్రకు కొలత

"కాలు కాదు సార్. ముందు నడుము," అన్నాడు వెంగయ్య, ఉయ్యాల అంచును రెండు చేతులా పట్టుకుని.

లెక్కల మేష్టారుగా రిటైరైన జనార్దనయ్య గారు అప్పటికే ఒక కాలు లోపల పెట్టేశారు. ఆ కాలు తీసుకుని ఉయ్యాల ముందుకు పోయింది. మేష్టారు రెండో కాలి మీద మూడు గెంతులు గెంతి, వేపచెట్టును కావలించుకుని నిలబడ్డారు. పక్కనే టీ బంకులో పాలు కాస్తున్న రూబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

"ఏం కాదు, అందరూ మొదట కాలే పెడతారు. మంచం మీద కూచున్నట్టు నట్టనడుమ కూచోండి. ఆ... ఇప్పుడు ఒరగండి. నిలువుగా కాదు సార్, ఏటవాలుగా. తల ఈ మూలకి, కాళ్ళు ఆ మూలకి."

మేష్టారు ఒరిగారు. వీపు కింద గుడ్డ సర్దుకుని చదునైంది. నొసటి మీది గీతలు ఒక్కొక్కటే విడిపోయాయి. వెంగయ్య చూసేది ఆ గీతలనే. ఆత్మకూరు బస్టాండుకు నాలుగడుగుల దూరంలో, నెల్లూరు రోడ్డు పక్కన, రెండు వేపచెట్ల మధ్య అతను ఇరవై ఏళ్ళుగా ఉయ్యాలలు కుట్టి అమ్ముతున్నాడు. కొనేవాళ్ళు గుడ్డను చేత్తో తడిమి, తాడును లాగి చూస్తారు. వెంగయ్య మాత్రం మనిషిని పడుకోబెట్టందే కత్తెర పట్టడు. రోడ్డు మీద పదిమంది చూస్తుండగా పడుకోవడానికి సిగ్గుపడేవాళ్ళను, "చెప్పులు కాలికి పెట్టి చూసుకోకుండా కొంటారా?" అని అడుగుతాడు.

"ఏ పక్కకి తిరిగి పండుకుంటారు సార్?"

"వెల్లకిలా."

"అబద్ధం," అన్నది ఆయన భార్య, చేతిసంచీ కింద పెట్టి. "బోర్లా పండుకుంటాడు ఈయన. దిండు కావలించుకుని, ఒక కాలు నా మీదేసి."

ఈసారి రూబీ నవ్వు దాచుకోలేదు. మేష్టారు ఉయ్యాలలోనే గట్టిగా కళ్ళు మూసుకున్నారు. వెంగయ్య నవ్వలేదు. చెవి మీద పెట్టుకున్న సుద్దముక్క తీసి పలక మీద ఏదో దిద్దుకున్నాడు.

"బోర్లా అయితే ఉయ్యాల వద్దు సార్, నడుం పట్టుకుంటాది. పక్కకి తిరిగి దిండు కావలించుకోండి, అప్పుడు ఇబ్బంది ఉండదు. దానికి రెండు జానలు వెడల్పు పెంచాల. నైలాను వల మాత్రం అడగబాకండి. ఎండాకాలం వీపు మీద గళ్ళు పడతాయి. పాలిస్టరు చెమట పీల్చదు. కోరా గుడ్డ తీసుకోండి. పొడుగు మీ పొడుగు మీద మూడడుగులు ఎక్కువ. తగ్గితే మోకాళ్ళు ముక్కుకి తగులుతాయి."

"సాయంత్రానికి అవుతుందా?" అని అడిగారు మేష్టారు, కళ్ళు తెరవకుండానే.

"లేస్తే అవుతాది సార్."

ఇన్నేళ్ళలో వెంగయ్య గట్టిగా తెలుసుకున్నది ఒక్కటే. తానెలా పడుకుంటాడో ఏ మనిషికీ తెలియదు. రాజులా వెల్లకిలా పడుకుంటామనే అందరూ అనుకుంటారు. నిజం చెప్పేది పక్కన పడుకునే మనిషి. అందుకే మగవాళ్ళు ఒంటరిగా వస్తే "ఇంట్లో వాళ్ళని తోడుకొని రా" అంటాడు. పెళ్ళికాని వాళ్ళను వాళ్ళమ్మకు ఫోన్ చేయమంటాడు.

అంతకుముందు ముప్పై ఏళ్ళు వెంగయ్య షామియానాలు కుట్టాడు. పెళ్ళిళ్ళకు, సభలకు, చావులకు. ఊరందరి తలల మీద గుడ్డ పరచిన మనిషి ఉయ్యాలల్లోకి రావడానికి కారణం అతని భార్య ఎస్తేరమ్మ. ఆమె ఆసుపత్రిలో ఆయా. రోగులను ఎత్తి దించి, ఎత్తి దించి నడుము అరిగిపోయింది. మంచం పడదు, చాప పడదు. కూర్చుని గోడకు ఆనుకుని తెల్లవార్లూ కీర్తనలు పాడుకునేది. వెంగయ్య షామియానా ముక్కతో మొదటి ఉయ్యాల కుట్టాడు. అది పొట్టిదై ఆమెను మడత పెట్టేసింది. రెండోది నైలానుది. తెల్లారి చూస్తే ఆమె వీపు చేపల వలలో పడ్డట్టుంది. మూడోది కోరా గుడ్డతో, ఏడుసార్లు ఉతికి, మెత్తబరిచి కుట్టాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన నుంచి వచ్చి అందులో ఒరిగిన ఎస్తేరమ్మ పొద్దుగూకే దాకా లేవలేదు. ఆమె ఊపిరి వింటూ కూర్చున్న వెంగయ్య పొయ్యి మీద వంకాయ కూర సంగతి మరిచిపోయాడు. మాడిన ఆ కూరను ఇద్దరూ వంక పెట్టకుండా తిన్నారు.

ఆ తర్వాత ఎస్తేరమ్మ ఉయ్యాలలో, వెంగయ్య దాని కింద చాప మీద. పదహారేళ్ళు అలాగే.

"నీకూ ఒకటి కుట్టుకోరాదా?" అని ఆమె ఎన్నోసార్లు అడిగింది.

"నేనెట్టా పండుకుంటానో చెప్పు, కుట్టుకుంటా."

"చెప్పను. చెప్తే సిగ్గేసి మానుకుంటావు." అలా అని ఒక్కతే నవ్వుకునేది.

నాలుగేళ్ళ కిందట ఆమె ఆ సంగతి చెప్పకుండానే పోయింది. వెంగయ్య చాప మీదే పడుకుంటున్నాడు. "ఊరందరికీ ఉయ్యాలలు, మా చిన్నాయనకి చాప," అని రూబీ అప్పుడప్పుడూ ఎత్తిపొడుస్తుంది. "నా కొలత నాకు తెలీదమ్మా, ఏం చేసేది," అంటాడు అతను.

మేష్టారు దంపతులు వెళ్ళాక రూబీ టీ గ్లాసు తెచ్చి మిషను మీద పెట్టింది. వెంగయ్య ఒక గుక్క తాగాడో లేదో, ఉదయగిరి బస్సు దిగిన ఒకావిడ రోడ్డు దాటి నేరుగా వచ్చి, చేతిలోని గుడ్డ మూటను అతని ముందు పడేసింది.

"నీ ఉయ్యాల నువ్వే పెట్టుకో పెద్దాయనా."

వెంగయ్య మూట వైపు చూసి ముందు గుడ్డను గుర్తుపట్టాడు, తర్వాత మనిషిని. రేణుకాదేవి. ఉదయగిరి అవతల, కొండ కింది పల్లె నుంచి పోయిన శుక్రవారం వచ్చింది. వాళ్ళ మామకు గుండె బలహీనమై ఊపిరి ఆడటం లేదనీ, చదునుగా పడుకుంటే దగ్గు తెరలు తెరలుగా వస్తోందనీ చెప్పింది. మనిషిని తీసుకురా అన్నాడు వెంగయ్య. బస్సులో కూర్చోలేడు అంది. ఎట్లా పడుకుంటాడు అన్నాడు. ఆరడుగుల మనిషి, నువ్వే చూసి కుట్టు అని దణ్ణం పెట్టింది. తిరుగు బస్సు అరగంటలో ఉంది. వెంగయ్య ఇరవై ఏళ్ళలో మొదటిసారి మనిషిని చూడకుండా కత్తెర పట్టాడు. దండిగా గుడ్డ తీసుకున్నాడు. తొమ్మిదిన్నర అడుగుల పొడుగు, రాజులు పడుకునేంత వెడల్పు. కొత్త కోరా. ఆ రోజు తన పనితనం చూసుకుని తానే మురిసిపోయాడు.

"ఏమైందమ్మా?"

"ఏమయ్యేది? పండుకుంటాడు, లేస్తాడు. పండుకుంటాడు, లేస్తాడు. తొమ్మిది రోజులు పెద్దాయనా, తొమ్మిది రోజుల నుంచి రెప్ప వెయ్యలా. నిద్ర మాత్రేస్తే తూలి గడప మీద పడినాడు. ఇట్టాగే ఉంటే గుండె రెండు వారాలు కూడా తట్టుకోదని డాక్టరు చెప్పేసినాడు. నీ ఉయ్యాలే దిక్కనుకున్నా." కళ్ళ కింద నల్లటి చారలు. మామ నిద్రపోకపోతే ఆ ఇంట్లో ఈమె కూడా నిద్రపోలేదని వెంగయ్యకు అర్థమైంది.

రూబీ ఏమీ అడగకుండా ఒక టీ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

తిరిగి వచ్చిన ఉయ్యాల ఇప్పటిదాకా ఒక్కటి కూడా లేదు. వెంగయ్య మూట విప్పి గుడ్డను చేత్తో నిమిరాడు. ఎక్కడా కుట్టు పిగలలేదు, తాడు జారలేదు. తప్పు కుట్టులో లేదు. అది తెలిసి మనసు ఇంకా కుంగింది.

"తిరుగు బస్సెప్పుడమ్మా?"

"పదింటికి. ఎందుకు?"

వెంగయ్య కత్తెర, దబ్బనం, నూలు దారం ఉండ, సగం అరిగిన సబ్బుముక్క సంచిలో వేసుకున్నాడు. మిషను మీద పట్ట కప్పాడు. "రూబమ్మా, మేష్టారొస్తే రేపిస్తానని చెప్పు."

"యాడికి చిన్నాయనా?"

"కొలత తీసుకొనే దానికి."

వింజమూరు, దుత్తలూరు దాటి బస్సు పోతుంటే కిటికీ ఊచల మధ్య వేడిగాలి కొట్టింది. ముందు సీటులో రేణుకాదేవి తల ఊచకు ఆనించి నిద్రలోకి జారింది. గతుకు వచ్చినప్పుడల్లా తల ఊచకు తగులుతోంది. వెంగయ్య తన తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, ఆమె లేవకుండా, తలకూ ఊచకూ మధ్య దూర్చి పట్టుకున్నాడు. ఉదయగిరి దుర్గం కొండ కనిపించేదాకా చెయ్యి తియ్యలేదు.

ఉదయగిరిలో ఆటో ఎక్కి పల్లెకు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంటి ముందు కంపతో కట్టిన గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. ఊపిరి తగ్గడం మొదలయ్యాక మందను అనంతసాగరం వాళ్ళకు అమ్మేశారని దారిలో రేణుకాదేవి చెప్పింది. ఆమె భర్త సురేంద్రబాబు పొద్దున్నే పనికి పోయాడు. అరుగు మీద స్తంభానికి ఆనుకుని ఆమె మామ నారాయణయ్య కూర్చుని ఉన్నాడు. ఎముకల గూడులాంటి పొడుగాటి మనిషి. కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి. పక్కన గిన్నెలో తాగకుండా వదిలేసిన అంబలి, అందులో ఉదయగిరి చెక్క గరిటె.

"నువ్వేనా ఆ జారుడుబండ కుట్టింది?" అన్నాడు.

"నేనేనన్నా."

"బాగా కుట్టినావు. శవాన్ని పరిచినట్టుండాది."

"మామా!" అంది రేణుకాదేవి.

"చెప్పనియ్యమ్మా. అది వినడానికే వచ్చినా," అన్నాడు వెంగయ్య.

అరుగు పైన దూలానికున్న కొక్కేలకు ఉయ్యాలను మళ్ళీ కట్టి, నారాయణయ్యను అందులో పడుకోబెట్టి, గోడ వారగా కూర్చున్నాడు. చూస్తూ కూర్చున్నాడు. ముసలాయన చేతులు రెండూ అంచులను పట్టుకునే ఉన్నాయి. కదిలితే కొత్త గుడ్డ కిసకిసమంది. కొక్కెం కిర్రుమంది. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ మూసుకోబోయిన కళ్ళు గబుక్కున తెరుచుకుంటున్నాయి.

"చప్పుడన్నా?"

"ఎండుగడ్డిలో ఏదో వస్తన్నట్టుంటాది. నలభై ఏళ్ళు ఆ చప్పుడికే లేచినా. ఇప్పుడు లేవద్దంటే ఈ చెవి వింటాదా?"

వెంగయ్య తలూపాడు. గుడ్డ సంగతి తేలింది. గంజి వదిలించాలి, కొక్కేనికి గుడ్డ చుట్టాలి. అయినా చేతులు అంచులను ఎందుకు వదలడం లేదో తెలియలేదు.

"నువ్వెట్టా పండుకుంటావో ఎవురికి తెలుసన్నా? వదినకి?"

"అది పోయి ముప్పై ఏళ్ళయింది."

"నీకు తెలుసామ్మా?"

రేణుకాదేవి తల అడ్డంగా ఊపింది. "నా పెళ్ళయి పదిహేనేళ్ళు. మామ ఇంట్లో పండుకోగా నేను చూడలా. మందను తోలుకొని ఒక్కోరి చేలో ఒక్కో వారం. ఎరువు కోసం మందను చేలో పండబెట్టించుకుంటారు గదా, ఆడనే ఉండేవాడు."

"మరి చూసిందెవురు?"

"గొర్రెలు," అన్నాడు నారాయణయ్య. "అనంతసాగరం పోయి అడిగిరా."

అంత ఆయాసంలోనూ అతని మూతి ఒక పక్కకి వంకర పోయింది. అది నవ్వేనని వెంగయ్యకు కాసేపటికి తెలిసింది.

గోడకు కొట్టిన మేకుకు నల్లటి గొంగళి ఒకటి వేలాడుతోంది. వాసన వస్తోందనీ, పారేస్తానంటే మామ ఒప్పుకోలేదనీ రేణుకాదేవి అంది. వెంగయ్య లేచి దాన్ని తీసి, అరుగు మీద పరిచాడు. ముప్పై ఏళ్ళు షామియానాలు కుట్టిన చెయ్యి. ఎక్కడ గాలి లాగిందో, ఎక్కడ గుంజ రాసుకుందో గుడ్డను చూసి చెప్పగలదు. మోకాళ్ళ మీద కూర్చుని గొంగళి మీద అరచెయ్యి వేసి మెల్లగా జరుపుకుంటూ పోయాడు.

తల వైపు మడత పక్కన ఒకచోట ఉన్ని అరిగి పలచబడి ఉంది. భుజం. దాని కింద ఇంకొకచోట, అరచేతి వెడల్పున. తుంటి. మూడోది కాళ్ళ దగ్గర ఉండాలి. అక్కడ లేదు. ఉన్ని కొత్తదానిలా గరుగ్గా ఉంది. వెంగయ్య వెతుక్కుంటూ పైకి వచ్చాడు. మోకాలి అరుగుదల పొట్టకు ఎదురుగా ఉంది.

"అన్నా," అన్నాడు. "కుడిపక్కకి తిరిగి, మోకాళ్ళు కడుపులో పెట్టుకొని పండుకుంటావు నువ్వు."

నారాయణయ్య తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

ఆరడుగుల మనిషి నలభై ఏళ్ళు నాలుగడుగుల్లో పడుకున్నాడు. అతన్ని తను తొమ్మిదిన్నర అడుగుల గుడ్డలో వెల్లకిలా పరిచాడు. చేతులు అంచులను ఎందుకు పట్టుకున్నాయో ఇప్పుడు తెలిసింది.

గొంగళిలో ఇంకొకటి మిగిలింది. వీపు వచ్చే వైపు, అంచు పొడవునా, నూనె పట్టినట్టు నున్నగా మెరుస్తున్న పట్టీ. అది లోపలి నుంచి అరిగింది కాదు, బయటి నుంచి.

"ఇదేందన్నా?"

ముసలాయన మెడ చాచి చూశాడు. చాలాసేపు చూశాడు. "బొల్లిది. ముసలి గొర్రె. పండుకొంటే వచ్చి వీపుకానుకొనేది. అది పోయినాక దాని పిల్ల. ఆ తర్వాత దాని పిల్ల. ఎప్పుడూ ఒకటి ఉండేది."

"చలికా?"

"దానికి చలి," అన్నాడు నారాయణయ్య.

వెంగయ్య తన పనితనాన్ని తానే కోయడం మొదలుపెట్టాడు. ముందు ఉయ్యాలను వేడినీళ్ళలో నానబెట్టి, సబ్బుతో నాలుగు మార్లు ఉతికి పిండాడు. దొడ్డి కంప మీద వేస్తే ఆ ఎండకు ముప్పావుగంటలో ఆరింది. గుడ్డ మెత్తబడి, నలిపినా చప్పుడు లేకుండా అయింది. అప్పుడు కత్తెర తీసుకుని పొడవులో రెండున్నర అడుగులు, వెడల్పులో మూడు జానలు తీసేశాడు. పొట్టిదైతే నడుమ బాగా లోతవుతుంది. మోకాళ్ళు వాటంతటవే పైకొస్తాయి, తల ఎత్తుగా ఉంటుంది, ఊపిరి ఆడుతుంది. ఎస్తేరమ్మను మడత పెట్టిన ఆ మొదటి ఉయ్యాల కొలత ఇదే. ఒకరికి తప్పైన కొలత ఇంకొకరికి సరిపోతుందని ఆ రోజు తెలిసి ఉంటే, దాన్ని చింపి తుడుపుగుడ్డలు చేసేవాడు కాదు.

ఆఖరికి కత్తెర పట్టుకుని గొంగళి ముందు ఆగాడు.

"దాన్ని కోస్తే మామ ఊరుకోడు," అని రేణుకాదేవి మెల్లగా అంది.

నారాయణయ్య విన్నాడు. దొడ్డి వైపు తల తిప్పుకున్నాడు. "కోసుకో. అది మాత్రం ఏం చేస్తాది, మేకుకి వేలాడి."

నూనె పట్టిన పట్టీని వెంగయ్య ఒక్క పోగు చెదరకుండా కోశాడు. దబ్బనంతో ఉయ్యాలకు వీపు వచ్చే వైపు అంచున రెండు వరసలు కుట్టాడు. ఉన్నిలోంచి సూది సులువుగా దిగలేదు. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. తల వైపు తాడును రెండు జానలు ఎత్తుగా కట్టాడు. కొక్కేలకు పాతచీర ముక్క చుట్టి ఆముదం రాశాడు. ఊపి చూశాడు. చప్పుడు లేదు.

"రా అన్నా. కాలు కాదు. ముందు నడుము."

నారాయణయ్య కూర్చున్నాడు, కుడిపక్కకు ఒరిగాడు. గుడ్డ అతన్ని దగ్గరకు తీసుకుంది. మోకాళ్ళు కడుపులోకి వచ్చాయి. గొంగళి పట్టీ వీపును తాకింది. అప్పుడు అతని చేతులు అంచులను వదిలాయి. కుడిచెయ్యి చెంప కిందకు పోయింది, ఎడమచెయ్యి మోకాళ్ళ మధ్యకు పోయింది. అవి వాటంతటవే ఇల్లు చేరినట్టు పోయాయి.

వెంగయ్య కింద మిగిలిన గుడ్డముక్క పరుచుకుని గోడకు ఆనుకున్నాడు. రేణుకాదేవి మజ్జిగ లోటా తెచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వెట్టా పండుకుంటావు?" అని నారాయణయ్య అడిగాడు. మాట ముద్దముద్దగా ఉంది.

"తెలీదన్నా. చెప్పేది పోయింది."

"ఊఁ," అన్నాడు ముసలాయన. కాసేపటికి ఆ ఊఁ ఊపిరిగా మారింది. పొడుగ్గా, గరగరగా, కానీ తెగకుండా. రేణుకాదేవి లోటా కింద పెట్టడం కూడా మరిచి గుమ్మంలో అలాగే కూర్చుంది. ఆమె ఏదో అనబోయింది. వెంగయ్య వేలు పెదవుల మీద పెట్టి చూపించాడు. ఆమె తల గుమ్మానికి వాల్చింది. మరి రెండు నిమిషాలకు ఆమె ఊపిరి కూడా మామ ఊపిరితో కలిసింది. వెంగయ్య జరిగి, ఒలికిపోబోతున్న మజ్జిగ లోటాను ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు. ఆ ఇంటి మీద ఒక పెద్ద గొడుగు విప్పినట్టుగా ఉంది. వెళ్ళాలనుకున్నాడు. లేచేలోపే అతని కళ్ళు కూడా మూతపడ్డాయి.

కూర్చున్నవాడు ఎప్పుడు గుడ్డముక్క మీదికి ఒరిగాడో, మెలకువ వచ్చేసరికి దొడ్డి కంప నీడ అరుగు దాకా సాగింది. ఉయ్యాలలోంచి నారాయణయ్య అతన్నే చూస్తున్నాడు. కళ్ళలో ఎరుపు తగ్గింది. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"ఎడమపక్కకి," అన్నాడు.

"ఏందన్నా?"

"నువ్వు. ఎడమపక్కకి తిరిగి పండుకుంటావు. గురక పెట్టవు. కుడిచెయ్యి మాత్రం ఇట్టా ముందుకి చాపుతావు, అరచెయ్యి పైకి తెరిచి. ఎవురో ఏందో అందిస్తారన్నట్టు. ఈగ వాలినా ముయ్యలా."

వెంగయ్య తన కుడి అరచేతిని చూసుకున్నాడు. పదహారేళ్ళు పొద్దున లేచేసరికి ఉయ్యాలలోంచి కిందకు వేలాడుతున్న ఎస్తేరమ్మ చెయ్యి ఆ అరచేతిలో ఉండేది. ఆమె ముందే లేచి, తనను లేపడానికి పెట్టేదనుకున్నాడు ఇన్నాళ్ళూ. చెప్తే సిగ్గేసి మానుకుంటావు. నిజమే. మానుకునేవాడు.

"ఏమైందిరా?" అన్నాడు నారాయణయ్య. గంటల తరబడి నిద్రపోయి లేచాక అతనికి వెంగయ్య 'రా' అయ్యాడు.

"ఏం లేదన్నా. కొలత దొరికింది."

ఆ సాయంత్రం బస్సులో వెంగయ్య కిటికీ పక్కన కూర్చుని, అరచెయ్యి ఒళ్ళో తెరిచి పెట్టుకుని ఆత్మకూరు చేరాడు. మరునాడు మేష్టారి ఉయ్యాల కుట్టాడు. ఆ తర్వాత ఎండలు ముదిరి గిరాకీ పెరిగింది. తన ఉయ్యాలకు గుడ్డ తియ్యాలని రోజూ అనుకునేవాడు. రోజూ ఎవరో ఒకరు నిద్ర పట్టని మనిషి వచ్చేవాడు.

ఇరవై ఆరో రోజు పొద్దున రేణుకాదేవి రోడ్డు దాటి వచ్చింది. ఈసారి మూటను పడెయ్యలేదు. రెండు చేతులతో తెచ్చి మిషను మీద పెట్టింది. ఆమె కళ్ళ కింద చారలు లేవు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"శనివారం," అంది ఆమె. "అన్నం తినేసి పండుకొన్నాడు. పొద్దున టీ తీసుకొని పోతే లేవలా. చెంప కింద చెయ్యి అట్టనే ఉండాది. డాక్టరు రెండు వారాలన్నాడు పెద్దాయనా. మూడు వారాలు. మూడు వారాలు పసిబిడ్డ మాదిరి పండుకొన్నాడు."

రూబీ పాలగిన్నె దించి వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"మామ ముందే చెప్పినాడు, ఇది ఆ ఉయ్యాలాయనకి ఇచ్చేసి రమ్మని. గొంగళి అటుపక్క ఉండాది, ఆయన ఎడమపక్కకి పండుకొనే మనిషి, విప్పి ఇటుపక్క కుట్టుకోమని చెప్పు అన్నాడు. మరిచిపోకుండా చెప్పు అని నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు."

వెంగయ్య మూటను విప్పాడు. చాలాసేపు కుట్టును వేలితో తడిమాడు. "విప్పే పని లేదమ్మా," అన్నాడు చివరకు. "తల పెట్టే వైపు కాళ్ళు పెడితే సరిపోతాది. గొంగళి దానంతటదే ఇటొస్తాది."

వెళ్ళేముందు రేణుకాదేవి టీ తాగింది. మామ కొసరి కొసరి తిన్న సంగటి గురించి, మందలోని బొల్లి గొర్రెల గురించి చెప్పింది. బస్సు కదిలాక వెంగయ్య నమూనా ఉయ్యాలను విప్పేసి, దాని స్థానంలో దీన్ని తల వైపు కాళ్ళ వైపుకు మార్చి కట్టాడు. ముందు నడుము ఆనించాడు, కాళ్ళు తర్వాత. రోడ్డు మీద పదిమంది చూస్తుండగా ఎడమపక్కకు తిరిగి పడుకున్నాడు.

"చిన్నాయనా, చెయ్యి బయటికొచ్చింది," అంది రూబీ.

"ఉండనియ్యమ్మా."

సాయంత్రం అతను లేచి ఇంటి వైపు నడిచిపోయాక కూడా ఉయ్యాల వేపచెట్ల మధ్య చప్పుడు లేకుండా కాసేపు ఊగింది. నున్నటి నల్ల గొంగళి పట్టీ కుట్టులో, ఎన్నిసార్లు ఉతికినా ఊడిరాని తెల్లటి ఉన్నిపోగు ఒకటి గాలికి అటూ ఇటూ కదులుతోంది.